కర్నూలు బస్సులు, ఢిల్లీ బ్యాంకులు

1969 ఆగస్టులో జరిగిన రాష్ట్రపతి ఎన్నికను గురించి మన అభ్యుదయ శిబిరంలో ఒక తీర్పు ఏనాడో స్థిరపడిపోయింది. బ్యాంకులను జాతీయం చేసిన పక్షం ఒకవైపు, పెట్టుబడిదారులకు కొమ్ముకాసిన సిండికేటు మరొకవైపు. వి. వి. గిరి మొదటి పక్షానికి అభ్యర్థి, నీలం సంజీవరెడ్డి రెండవ పక్షానికి అభ్యర్థి. కనుక గిరి గెలుపు ప్రగతిశక్తుల గెలుపు, సంజీవరెడ్డి ఓటమి అభివృద్ధి నిరోధకుల ఓటమి. నేను కూడా చాలాకాలం ఈ తీర్పునే నమ్మాను. పదిమందిలో చెప్పాను కూడా. ఇందులో అబద్ధమని తీసిపారవేయవలసింది ఏమీ లేదు. కాని ఈ తీర్పు ఒక చిన్న సంగతిని దాటవేస్తుంది. సిండికేటు అభ్యర్థిగా మనం కొట్టివేసిన ఈ మనిషి అంతకు అయిదేళ్ళ క్రితం ముఖ్యమంత్రి పదవి వదులుకున్నది ప్రైవేటు బస్సులను జాతీయం చేసిన వ్యవహారంలోనే!

బస్సులను జాతీయం చేయబోయి పదవి పోగొట్టుకున్నవాడు, బ్యాంకుల జాతీయకరణకు అడ్డుపడే వారి అభ్యర్థి ఎట్లా అయ్యాడు? మనిషి మారాడా? లేక జాతీయకరణ అనే మాటే మనం అనుకున్నంత సూటిగా ఉండదా? ఒక రాష్ట్ర శాసనసభ్యుడు దేశపు అత్యున్నత పదవికి ఏ మెట్లమీదుగా నడిచాడో చూస్తే ఈ ప్రశ్నకు కొంత జవాబు దొరుకుతుందని నా ఆశ.

సంజీవరెడ్డి 1913లో అనంతపురం జిల్లా ఇల్లూరులో పుట్టాడు. 1931లో కాలేజీ చదువు వదిలి జాతీయోద్యమంలో దిగాడు. 1938లో ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెసు సంఘానికి కార్యదర్శి అయి, పదేళ్ళు ఆ కుర్చీలో ఉన్నాడు. మన చరిత్రకారులు జైళ్ళను లెక్కిస్తారు, ఉపన్యాసాలను లెక్కిస్తారు. కార్యదర్శి పనిని మాత్రం లెక్కించరు. ఏ తాలూకాలో సభ్యత్వ పుస్తకాలు ఎవరి చేతిలో ఉన్నాయి, ఏ జిల్లా సంఘంలో ఎవరికి ఎవరితో పడదు, రేపు ఓట్ల లెక్కకు వస్తే ఎవరు ఎటు చేయెత్తుతారు అన్నది కార్యదర్శికి తెలిసినంతగా అధ్యక్షుడికి తెలియదు. పదేళ్ళపాటు ఈ విద్య నేర్చినవానికి ఇంక వేరే విద్యతో పనిలేదు. 1946లో ఆయన మద్రాసు శాసనసభకు ఎన్నికయ్యాడు. అక్కడి కాంగ్రెసు శాసనసభా పక్షానికి కార్యదర్శి అయ్యాడు. రాజ్యాంగ పరిషత్తులోనూ సభ్యుడయ్యాడు. ఆ పరిషత్తు సభ్యులను ఎన్నుకున్నది ప్రజలు కారు, రాష్ట్రాల శాసనసభ్యులు. 1949 నుంచి 1951 దాకా మద్రాసు ప్రభుత్వంలో మద్యనిషేధం, గృహనిర్మాణం, అడవుల మంత్రి.

1951లో రాష్ట్ర కాంగ్రెసు అధ్యక్ష పదవికి పోటీ వచ్చింది. అవతల ఎన్. జి. రంగా. పేరు ప్రతిష్ఠల్లోగాని, రైతు ఉద్యమంతో ఉన్న సంబంధంలోగాని రంగాతో సంజీవరెడ్డికి ఆనాడు పోలికే లేదు. అయినా లెక్కలో సంజీవరెడ్డి నెగ్గాడు. రంగా, ప్రకాశం ఇద్దరూ కాంగ్రెసునుంచి బయటికి నడిచారు. ఆ మరుసటి సంవత్సరం వచ్చిన మొదటి సార్వత్రిక ఎన్నికల్లో ప్రజలు తమ లెక్క చెప్పారు. మద్రాసు రాష్ట్రంలోని ఆంధ్ర ప్రాంతానికి 140 స్థానాలుంటే కాంగ్రెసుకు దక్కినవి 43. అనంతపురంలో రాష్ట్ర కాంగ్రెసు అధ్యక్షుడే కమ్యూనిస్టు అభ్యర్థి తరిమెల నాగిరెడ్డి చేతిలో ఓడిపోయాడు. నాగిరెడ్డి ఆయనకు స్వయానా బావమరిది.

బావా బావమరుదుల పోటీ అనగానే మనవారికి పౌరాణిక నాటకం గుర్తుకొస్తుంది. ఆ సరదాను పక్కన పెట్టి తరవాత జరిగిందేమిటో చూడాలి. సొంత జిల్లా ఓటర్లు కాదన్న ఆ 1952లోనే సంజీవరెడ్డి రాజ్యసభ సభ్యుడై ఢిల్లీ వెళ్ళాడు. రాజ్యసభకు పంపేది శాసనసభ్యులు. జనం మూసిన తలుపును శాసనసభ్యులు తెరిచారు. ఆయన జీవితంలో ఈ ఘట్టం మళ్ళీ మళ్ళీ వస్తుంది గనుక పాఠకులు దీన్ని గుర్తుంచుకోవాలి.

1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆయన ఢిల్లీ వదిలి వచ్చి ప్రకాశం మంత్రివర్గంలో ఉపముఖ్యమంత్రి అయ్యాడు. రెండేళ్ళ కిందట తన గెలుపు చూసి కాంగ్రెసును వదిలిపోయిన ప్రకాశమే ముఖ్యమంత్రి! 1955 మధ్యంతర ఎన్నికల కథ మన పత్రిక పాఠకులకు కొత్త కాదు; నూటికి 31 ఓట్లు వచ్చిన కమ్యూనిస్టు పార్టీకి 196 స్థానాల్లో దక్కినవి 15. బెజవాడ గోపాలరెడ్డి ముఖ్యమంత్రి, సంజీవరెడ్డి మళ్ళీ ఉపముఖ్యమంత్రి. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరించినప్పుడు మాత్రం ముఖ్యమంత్రి పదవి సంజీవరెడ్డిది. ఆంధ్ర ముఖ్యమంత్రి ఉంటే తెలంగాణ ఉపముఖ్యమంత్రి ఉండాలన్న పెద్దమనుషుల ఒప్పందాన్ని ఆ మొదటి మంత్రివర్గమే పట్టించుకోలేదు. ఆనాడు అది సర్దుబాటులో చిన్న విషయం. 1969లో హైదరాబాదు వీధుల్లో అది చిన్న విషయంగా లేదు.

1960లో ఆయన అఖిల భారత కాంగ్రెసు అధ్యక్షుడై వెళ్తే దామోదరం సంజీవయ్య ముఖ్యమంత్రి అయ్యాడు. దేశంలో ఒక దళితుడు ముఖ్యమంత్రి కావడం అదే మొదలు. 1962లో సంజీవరెడ్డి తిరిగి ముఖ్యమంత్రిగా వచ్చాడు, సంజీవయ్య కాంగ్రెసు అధ్యక్షుడై ఢిల్లీ వెళ్ళాడు. కుర్చీలు మార్చుకున్నట్టే జరిగింది. హైదరాబాదులో ముఖ్యమంత్రి ఎవరుండాలన్నది హైదరాబాదులో తేలే విషయం కాదన్న అలవాటు మన రాష్ట్రానికి అప్పుడే పడింది.

ఇక బస్సులు. ఈ వ్యవహారాన్ని కొంచెం నిదానంగా చెప్పాలి.

మోటారు వాహనాల చట్టానికి 1956లో ఒక కొత్త అధ్యాయం చేర్చారు. దాని ప్రకారం ప్రైవేటు బస్సుల రూట్లను ప్రభుత్వరంగ సంస్థకు అప్పగించాలంటే ముందు ఆ సంస్థే అది ప్రజాహితానికి అవసరమని అభిప్రాయపడాలి. పథకం ప్రకటించాలి. బస్సుల యజమానులు అభ్యంతరాలు చెప్పుకుంటే ప్రభుత్వం విని తేల్చాలి. ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ 1958 జనవరిలో ఏర్పడింది. కృష్ణా జిల్లా రూట్లతోనే కోర్టు తగాదా మొదలయింది. యజమానుల అభ్యంతరాలను శాఖ కార్యదర్శి విన్నాడు, ఉత్తర్వును ముఖ్యమంత్రి ఇచ్చాడు. వినేవాడొకడు, తేల్చేవాడొకడు అయితే అది విచారణ కాదని సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. రెండవసారి ముఖ్యమంత్రి సంజీవరెడ్డే కూర్చుని విన్నాడు. జాతీయకరణకు అనుకూలంగా బహిరంగంగా మాట్లాడినవాడు నిష్పక్షపాతంగా ఎట్లా వింటాడని యజమానులు మళ్ళీ కోర్టుకెక్కారు. ప్రభుత్వ విధానాన్ని సమర్థించినంత మాత్రాన పక్షపాతం అంటగట్టలేమని కోర్టు ఈసారి పథకాన్ని నిలబెట్టింది. నేటికీ న్యాయశాస్త్ర విద్యార్థులు ఈ రెండు తీర్పులూ చదువుతారు. అందులోని ముఖ్యమంత్రి తరవాత రాష్ట్రపతి అయ్యాడన్న సంగతి వారిలో ఎందరికి తడుతుందో!

ఈ దశ దాకా సంజీవరెడ్డిని తప్పు పట్టే పనిలేదు. ప్రైవేటు బస్సుల రాజ్యమంటే ఏమిటో అనుభవించిన తరం ఇప్పుడు తక్కువ. లాభమున్న దారిలో పోటీపడి నడిపి, లాభంలేని పల్లెను గాలికి వదిలేయడం ఏ యజమానికైనా సహజం. రోడ్డు రవాణా ప్రజల చేతిలో ఉండాలన్న కోరిక న్యాయమైనది. ఆ కోరికకు కోర్టుల్లో ఎదురీది దారి వేసిన ప్రభుత్వాల్లో ఆయన ప్రభుత్వం ఒకటి.

చిక్కు కర్నూలు జిల్లాలో వచ్చింది. 1962 ఎన్నికల్లో సంజీవరెడ్డి ఆ జిల్లాలోని డోన్ నుంచే శాసనసభకు ఎన్నికయ్యాడు. సంస్థ తన బస్సులను ఏ జిల్లా తరవాత ఏ జిల్లాకు విస్తరించాలో అప్పటికే ఒక వరుస సిఫార్సయి ఉంది. ఉన్నట్టుండి ఆ వరుస తప్పింది. కర్నూలు జిల్లా పడమటి భాగం ముందుకొచ్చింది. అక్కడి బస్సు యజమానుల్లో కొందరు ముఖ్యమంత్రికి రాజకీయంగా ప్రత్యర్థులు. మమ్మల్ని దెబ్బతీయడానికే ముఖ్యమంత్రి సంస్థచేత వరుస మార్పించాడని వారు ఆరోపించారు. వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా పోయింది.

1964 తీర్పులో కోర్టు జాతీయకరణ మంచిదా చెడ్డదా అని అడగలేదు. ముందుగా ఇక్కడే ఎందుకు అని అడిగింది. వరుస మార్పుకు సంస్థ చెప్పిన కారణాలు నిలవలేదు. దురుద్దేశం అంటగట్టింది ముఖ్యమంత్రి మనసుకు. ఆ మనసులో ఏముందో కాగితం మీద పెట్టి ప్రమాణం చేయగలిగినవాడు ముఖ్యమంత్రి ఒక్కడే. ఆయన అఫిడవిట్ దాఖలు చేయలేదు. ఖండన లేని ఆరోపణను కాదనడానికి తమకు ఆధారం లేదన్నారు న్యాయమూర్తులు. పథకాలు రద్దయ్యాయి.

ఆరోపణ రుజువయిందని కోర్టు అన్నదా అంటే, అనలేదు. జవాబు రాలేదని మాత్రమే అన్నది. అంతమాత్రానికే సంజీవరెడ్డి రాజీనామా ఇచ్చాడు. 1964 ఫిబ్రవరి ముగిసేసరికి కాసు బ్రహ్మానందరెడ్డి ముఖ్యమంత్రి. ఈ రాజీనామాను నేను తక్కువ చేయను. తరవాతి అరవై ఏళ్ళలో కోర్టుల చేత ఇంతకంటే ఎన్నో రెట్లు మాటలు పడి కూడా కుర్చీని అంటిపెట్టుకున్నవారిని చూసినాక దాని విలువ పెరిగిందే గాని తగ్గలేదు. అయినా చరిత్ర విద్యార్థికి రాజీనామా కంటే రాని అఫిడవిట్ పెద్ద విషయం. న్యాయమైన విధానం ఒకటి ముఠా తగాదాలో కత్తిగా మారిందన్న అనుమానానికి జవాబు చెప్పవలసిన చోట మౌనం మిగిలింది. నష్టపోయింది బస్సుల యజమానులా? వాళ్ళు గెలిచారు. కొన్నాళ్ళపాటైనా నష్టపోయింది ఆ జిల్లాలో బస్సెక్కే రైతుకూలీ.

ఇంతలో ఢిల్లీ మెట్లు సిద్ధమవుతూనే ఉన్నాయి. 1963 అక్టోబరులో తిరుపతిలో కొందరు పెద్దలు కలిశారు: మద్రాసు నుంచి కామరాజ్, బెంగాలు నుంచి అతుల్య ఘోష్, మైసూరు నుంచి నిజలింగప్ప, మన సంజీవరెడ్డి. నెహ్రూ తరవాత ఎవరు అన్నది అక్కడి మాట. అందరూ రాష్ట్రాల్లో పార్టీని గుప్పిట పెట్టుకున్నవారే. ఏడుకొండలవాని సాక్షిగా జరిగిన ఈ సమాలోచననుంచే పత్రికలవారు తరవాత సిండికేటని పేరుపెట్టిన కూటమి బయటపడింది. 1964 మేలో నెహ్రూ కన్నుమూశాడు. శాస్త్రి ప్రధాని అయ్యాడు. ఫిబ్రవరిలో రాజీనామా ఇచ్చిన సంజీవరెడ్డి జూన్‌లో కేంద్రంలో ఉక్కు, గనుల మంత్రి. ఆపైన ఆంధ్ర శాసనసభ్యుల ఓట్లతో రాజ్యసభ సభ్యుడు. 1952 నాటి ఘట్టం మళ్ళీ వచ్చింది, చూడండి. 1966లో ఇందిరాగాంధీ మంత్రివర్గంలో ఆయనకు దక్కిన శాఖ రవాణా! బస్సుల మీద పదవి వదిలినవానికి ఓడలూ విమానాలూ దక్కాయి.

1967లో మాత్రం ఆయన ప్రజల ఓట్లతోనే హిందూపురం నుంచి లోక్‌సభకు వెళ్ళాడు. స్పీకరయ్యాడు. స్పీకరు ఏ పార్టీకీ చెందకూడదని కాంగ్రెసు సభ్యత్వాన్ని వదులుకున్నాడు. అది మెచ్చదగిన పని. అదే ఆయన్ను వింతస్థితిలో పెట్టింది కూడా. రెండేళ్ళ తరవాత కాంగ్రెసు పార్టీ తన అధికార అభ్యర్థిగా నిలబెట్టింది కాంగ్రెసు సభ్యత్వం వదులుకున్న మనిషిని.

1969 మే 3న రాష్ట్రపతి జాకీర్ హుసేన్ మరణించాడు. జూలైలో బెంగళూరులో కాంగ్రెసు పెద్దలు కలిశారు. ఇందిరాగాంధీ జగ్జీవన్ రామ్ పేరు చెప్పింది. పార్లమెంటరీ బోర్డులో ఎక్కువమంది సంజీవరెడ్డిని ఎంచుకున్నారు. తమ మాట వినే మనిషి రాష్ట్రపతిగా ఉంటే ప్రధానిని అదుపులో పెట్టవచ్చునన్నది సిండికేటు లెక్క. అది ప్రధానికీ తెలుసు. ఆ బెంగళూరు సమావేశానికి ఆమె పంపిన ఆర్థిక విధానాల పత్రంలో బ్యాంకుల జాతీయకరణ ఒక అంశం. బోర్డులో ఓడిన నాలుగు రోజులకు మొరార్జీ దేశాయి చేతినుంచి ఆర్థికశాఖ లాగేసింది. మరి మూడు రోజులకు, జూలై 19న, 14 బ్యాంకులను జాతీయం చేస్తూ ఆర్డినెన్సు వచ్చింది.

ఆ తేదీ దగ్గర ఒక్క క్షణం ఆగుదాం. సంజీవరెడ్డి స్పీకరు పదవికి రాజీనామా ఇచ్చింది కూడా జూలై 19నే. ఆర్డినెన్సు మీద సంతకం పెట్టింది తాత్కాలిక రాష్ట్రపతిగా ఉన్న వి. వి. గిరి; మరునాడే ఆయనా రాజీనామా ఇచ్చి స్వతంత్ర అభ్యర్థిగా బరిలోకి దిగాడు. ఇద్దరూ తెలుగువారే. ఇద్దరూ మద్రాసు శాసనసభ గడప తొక్కి వచ్చినవారే. 1937లో గిరి బొబ్బిలి రాజాను బొబ్బిలిలోనే ఓడించి ఆ సభకు వెళ్ళాడు. 1954లో కేంద్రంలో కార్మికమంత్రిగా ఉండి, బ్యాంకు ఉద్యోగులకు ట్రిబ్యునలు ఇచ్చిన అవార్డును ప్రభుత్వం మార్చినందుకు పదవి వదిలిన మనిషి కూడా ఆయనే. కార్మికులు, కమ్యూనిస్టు పార్టీలు రెండూ గిరివైపు నిలవడంలో ఆశ్చర్యం లేదు. ఆయన వెనక ఒక చరిత్ర ఉంది.

సంజీవరెడ్డి నామినేషను పత్రం మీద ఇందిరాగాంధీ సంతకమే ఉంది. కాని సిండికేటు పక్షాన నిజలింగప్ప రెండవ ప్రాధాన్యపు ఓట్లకోసం జనసంఘం, స్వతంత్ర పార్టీలతో మాట్లాడాడన్న సంగతి ఆమెకు ఆయుధమైంది. అంతరాత్మ ప్రబోధం ప్రకారం ఓటు వేయండన్న పిలుపు వచ్చింది. సొంత పార్టీ అభ్యర్థిని ఓడించడానికి అంతరాత్మ కావలసి వచ్చింది!

ఆగస్టు 16న ఓటింగు, 20న లెక్కింపు. ఈ లెక్కను మనవారు అంకెల జోలికి పోకుండా చెబుతారు. నేను అంకెలే చెప్తాను. మొదటి ప్రాధాన్యంలో గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548, జనసంఘం, స్వతంత్ర పార్టీలు నిలబెట్టిన సి. డి. దేశ్‌ముఖ్‌కు 1,12,769. ఎవరికీ సగం దాటలేదు. కింది అభ్యర్థులను తొలగిస్తూ వారి రెండవ ఓట్లను పంచిన తరవాత గిరి 4,20,077, సంజీవరెడ్డి 4,05,427. అంటే దాదాపు 88 వేల వెనుకబాటు 14,650కి దిగివచ్చింది. ఆనాడు ఒక పార్లమెంటు సభ్యుని ఓటు విలువ 576. ఆంధ్రప్రదేశ్ శాసనసభ్యునిది 125. చివరి లెక్కలో 13 మంది పార్లమెంటు సభ్యులు ఇటునుంచి అటు మారి ఉంటే సంజీవరెడ్డి రాష్ట్రపతి. యుగసంధి అనీ, రెండు శక్తుల సంగ్రామమనీ మనం రాసుకున్నది 13 అంతరాత్మల వ్యవహారం.

ముప్ఫై ఏళ్ళు చేతుల లెక్క తప్పని మనిషి ఆ రోజు చేతుల లెక్కలోనే ఓడాడు. 1951లో రంగాను ఓడించిన విద్య ఇప్పుడు ఇంకొకరి చేతిలో, ఇంకా పెద్ద తూకంలో ఉంది.

ఇప్పుడు కర్నూలుకు తిరిగి వద్దాం. బ్యాంకులను జాతీయం చేయాలన్న కోరిక బస్సుల కోరిక కంటే పాతది, దానికంటే న్యాయమైనది. వామపక్షాలు ఏళ్ళతరబడి అడిగినది. ప్రజల పొదుపు కొద్ది కుటుంబాల వ్యాపారాలకు పెట్టుబడి కావడం ఎవరు హర్షిస్తారు? దాన్ని ఇందిరాగాంధీ చేసింది గనుక మెచ్చుకున్నాం, మెచ్చుకోవడం తప్పుకాదు. కాని కర్నూలు విషయంలో న్యాయమూర్తులు వేసిన ప్రశ్నను మనం ఇక్కడ వేయలేదు. ముందుగా ఇక్కడే ఎందుకు అని అక్కడ అడిగారు. సరిగ్గా ఈ వారంలోనే ఎందుకు అని ఇక్కడ అడగవలసింది మనం. పార్లమెంటరీ బోర్డులో ప్రధాని మాట నెగ్గి ఉంటే ఆ జూలై 19 అదే రోజున వచ్చేదా? వచ్చేదేమో. కాని ఆ ప్రశ్న వేయనివారికి తరవాత బ్యాంకుల్లో ఏం జరిగిందో, రుణాల మేళాల్లో ఎవరి సిఫార్సు చెల్లిందో అర్థం కాదు. కర్నూలులో జిల్లా తూకంలో జరిగిందని కోర్టు అనుమానించిన పని ఢిల్లీలో దేశం తూకంలో జరిగింది. బ్యాంకుల చట్టాన్ని కూడా 1970 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు పదిమంది న్యాయమూర్తుల మెజారిటీతో కొట్టివేసింది. పరిహారం చాలదన్నది, ఈ 14 బ్యాంకులనే వేరుచేసి పట్టడం వివక్ష అన్నది. నాలుగు రోజుల్లో కొత్త ఆర్డినెన్సు వచ్చింది. కర్నూలు పాఠం ఢిల్లీ ఒక్క విషయంలోనే నేర్చుకుంది: తీర్పు వస్తే రాజీనామా ఇవ్వనక్కరలేదు.

మరి సంజీవరెడ్డి అభివృద్ధి నిరోధకుడా? నా జవాబు ఇది. ఆయనకు బస్సుల మీదగాని బ్యాంకుల మీదగాని సిద్ధాంతవైరం ఉన్నట్టు ఆయన చరిత్రలో నాకు కనిపించదు. సిద్ధాంతప్రేమ ఉన్నట్టూ కనిపించదు. ఆయనకున్నది యంత్రం. ఆ యంత్రం బస్సులను జాతీయం చేసే వైపు తిరిగినప్పుడు అటు తిరిగాడు, దేశ్‌ముఖ్ ఓట్లు అడిగే వైపు తిరిగినప్పుడు అటు నిలబడ్డాడు. ఇది ఆయన ఒక్కడి గుణం కాదు. రాష్ట్ర శాసనసభ నుంచి ఢిల్లీకి మెట్లు ఎక్కినవారిలో చాలామందికి ఇదే గుణం. మనం చేసిన పొరపాటు ఆయన శిబిరాన్ని ఆయన సిద్ధాంతమని అనుకోవడం. ఎదుటి శిబిరం విషయంలో అదే పొరపాటును మరింత ఖరీదుకు చేశాం. 1975 జూన్‌లో అత్యవసర పరిస్థితి వచ్చినప్పుడు సి.పి.ఐ. దాన్ని సమర్థించిందన్నది మరువరాని సంగతి.

అదే 1969లో, మార్చిలో, అనంతపురం శాసనసభ్యుడొకడు ఈ మెట్లు నాకు వద్దని సభకు రాజీనామా ఇచ్చి వెళ్ళిపోయాడు. ఆయన తరిమెల నాగిరెడ్డి. 1952లో శాసనసభ, 1957లో లోక్‌సభ, మళ్ళీ 1962లో శాసనసభ. ఢిల్లీ చూసి తిరిగి రాష్ట్రానికి వచ్చినవాడు. సభల్లో చెప్పేదేమీ లేదు, జనంలోనే తేల్చుకోవాలన్నాడు. బావ దేశంలోని శాసనసభ్యులందరి ఓట్లూ అడగబోతున్న ఏడాదిలోనే బావమరిది శాసనసభ్యుని ఓటునే వదులుకున్నాడు. ఆ దారి ఎంతవరకు పోయింది, ఎక్కడ ఆగింది అన్నది వేరే వ్యాసానికి తగిన విషయం. 1976 జూలైలో, ఎమర్జెన్సీ రోజుల్లో, అజ్ఞాతవాసంలోనే నాగిరెడ్డి మరణించాడు.

ఓడిన సంజీవరెడ్డి అనంతపురం వచ్చి వ్యవసాయం చూసుకున్నాడు. 1975 మే 1న హైదరాబాదులో జయప్రకాశ్ నారాయణ్‌తో కలిసి వేదిక ఎక్కేదాకా రాజకీయాల మాట ఎత్తలేదు. 1977 మార్చి ఎన్నికల్లో జనతా పార్టీ అభ్యర్థిగా నంద్యాలలో నిలబడ్డాడు. నంద్యాల ఆనాడు కర్నూలు జిల్లాలోదే! ఉత్తరదేశమంతా ఇందిరను తుడిచిపెట్టిన ఆ ఎన్నికల్లో ఆంధ్రప్రదేశ్ మాత్రం 42 స్థానాల్లో 41 ఆమెకే ఇచ్చింది. మిగిలిన ఒక్కటి నంద్యాల. ఆయన జీవితంలో గాలికి ఎదురు నిలిచి ప్రజల చేత గెలిచిన ఎన్నిక ఇదొక్కటే అనిపిస్తుంది నాకు. (1991లో ఇంకొక మాజీ ముఖ్యమంత్రి, మంథని శాసనసభ్యుడుగా రాజకీయాలు నేర్చిన పి. వి. నరసింహారావు, ప్రధాని అయినాక సభ్యత్వం వెతుక్కుంటూ వచ్చింది కూడా నంద్యాలకే. ఆ ఊరి ఓటర్లకు ఇందుకు ప్రతిఫలంగా ఏం దక్కిందో వారినే అడగాలి.)

మళ్ళీ స్పీకరు, నాలుగు నెలలు తిరక్కుండా రాష్ట్రపతి. 37 నామినేషన్లలో 36 చెల్లకపోగా 1977 జూలై 21న ఆయన పోటీ లేకుండా ఎన్నికయ్యాడు. ఎనిమిదేళ్ళ కిందట 14,650 దగ్గర చేజారిన పదవి ఒక్క ఓటు లెక్కించనక్కరలేకుండా వచ్చింది.

ఆ పదవిలో ఆయన చేసిన పెద్ద నిర్ణయం 1979 నాటిది. జూలైలో మొరార్జీ దేశాయి ప్రభుత్వం పడిపోయింది. రాష్ట్రపతి భవనానికి మద్దతుదారుల జాబితాలు వచ్చిపడ్డాయి. చరణ్ సింగ్‌ను ప్రధానిగా పిలిచాడు. ఆయన ఒక్కసారి కూడా లోక్‌సభను ఎదుర్కోకుండానే ఆగస్టు 20న రాజీనామా ఇచ్చాడు. నాకు అవకాశమివ్వండని జనతా పక్షనాయకుడు జగ్జీవన్ రామ్ అడిగాడు. ఎవరీ జగ్జీవన్ రామ్? 1969లో బెంగళూరు బోర్డులో సంజీవరెడ్డికి ఎదురుగా ఇందిర చెప్పిన పేరు. ఒక దళితుడు ప్రధాని కాగలిగిన సమయం మనదేశంలో అంత దగ్గరగా మరెన్నడూ రాలేదు. రాష్ట్రపతి ఆయన్ను పిలవలేదు. ఆగస్టు 22న లోక్‌సభను రద్దుచేశాడు. నిలకడ ఉన్న మెజారిటీ ఎవరికీ లేదని ఆయన అనుకొని ఉండవచ్చు. అట్లా అనుకోవడానికి ఆధారాలూ ఉన్నాయి. పాతకక్ష అన్నవారు ఉన్నారు, కాదన్నవారు ఉన్నారు. ముందుగా ఎందుకు ఒకరిని, తరవాత ఎందుకు ఇంకొకరిని కాదు అన్న కర్నూలు ప్రశ్నే మళ్ళీ వచ్చింది.

ఈసారి ఆయన జవాబు రాశాడు. 1989లో వెలువడిన జ్ఞాపకాల పుస్తకానికి భయం, పక్షపాతం లేకుండా అన్న అర్థం వచ్చే ఇంగ్లీషు పేరు పెట్టాడు. రాష్ట్రపతి పదవిలో తాను చేసినవాటిని అందులో సమర్థించుకున్నాడు. 1996 జూన్ 1న బెంగళూరులో కన్నుమూశాడు. 1964లో కర్నూలు బస్సుల వ్యాజ్యంలో న్యాయమూర్తులు ఎదురుచూసిన అఫిడవిట్ మాత్రం ఆ రికార్డులో లేదు.